పోచయ్య గొడ్డలికి కొత్త కామ

గచ్చిబౌలిలో ఒక దవాఖాన గేటు ముందరే రజిత చాయ్ బండి. పొద్దున పది కాకముందే పోచయ్య అక్కడ మూడో చాయ్ తాగుతున్నాడు. తాగుతున్నాడంటే గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు, అంతే. చాయ్ చల్లారి మీద మీగడ కట్టింది. లోపల ఎమర్జెన్సీ వార్డులో ఆయన భార్య భూలక్ష్మి ఉంది. కాలికి దెబ్బ తగిలింది. కూతురు రోహిణి తల్లి దగ్గర ఉండి, "నువ్వు జర బయట ఉండు నాయినా, అందర్నీ పరేషాన్ చేస్తున్నవ్" అని తండ్రిని బయటికి తోలింది.

"చిన్నమ్మకు దెబ్బ ఎట్ల తగిలింది కాకా?" అని రజిత అడిగింది.

పోచయ్య కోకాపేటలో పెళ్లి వంటలు చేసేవాళ్ల దగ్గర కట్టెలు కొడతాడు. ముప్పై ఏళ్లుగా అదే పని. నలుగురు దొరికితే చాలు, ఆ పని గురించి కోతలు కోయకుండా ఉండలేడు. వినేవాళ్లు నవ్వుతారు, నవ్వుతూనే వింటారు. అట్లాంటి మనిషి ఈ ఒక్క ప్రశ్నకు చూపు గేటు వైపు తిప్పుకున్నాడు.

"గొడ్డలి..." అని ఆగాడు. "గొడ్డలంటే యాదికొచ్చింది. మొన్న నా గొడ్డలి కామ ఇరిగింది. నిన్న కొత్తది ఏసిన. నా లెక్క కామ ఏసెటోడు ఈ చుట్టుపక్కల ఒక్కడుంటే చూపియ్యి!"

మెడలో ఐడీ కార్డుతో ఆఫీసు బస్సు కోసం నిలబడ్డ తేజ చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీశాడు. "కామ అంటే ఏంటి అంకుల్?"

"పట్టుకునే కర్ర బిడ్డా. అది సక్కగుంటేనే గొడ్డలి, లేకుంటే ఇనుపముక్క. దానికి తుమ్మకర్రే కావాలె. కోకాపేటల ఇప్పుడు తుమ్మచెట్టు ఏడున్నది, అన్నీ బిల్డింగులే గద? ఎతికి ఎతికి ఒక సైటు ఎనక, బండ సందుల, ఒక్క చెట్టు పట్టిన. రంపం పెట్టంగనే రంపం పండ్లు రాలినయ్. ఒకటి రెండు గాదు, అన్నీ. ముసలోని నోరైంది రంపం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంకో రంపం తెస్తే, అది చెట్టును చూసి సంచిలకెంచి బయటికి రానన్నది!"

రజిత నవ్వింది. బల్ల మీద కూర్చున్న ఒక పెద్దాయన కూడా పేపరు కిందికి దించి వినడం మొదలుపెట్టాడు. ఆయన పేరు సీతారామయ్య. భార్య పుణ్యవతిని కంటి పరీక్షకు తీసుకొచ్చి, రిపోర్టు కోసం కాచుకుని ఉన్నాడు.

అంతలో పోచయ్య జేబులో ఫోన్ మోగింది. గబుక్కున తీయబోతే చాయ్ చొక్కా మీద ఒలికింది. అవతల రోహిణి.

"రక్తం ఇంకా ఆగుతలేదు నాయినా. ఎముకకు తగిలిందేమోనని ఎక్స్‌రే తీస్తున్నరు."

"ఆఁ... ఆఁ..." అన్నాడు. ఫోన్ జేబులో పెట్టబోతే రెండుసార్లు జేబు తప్పింది.

"ఏమన్నది కాకా?"

"ఏం లేదు, ఏం లేదు. ఏడిదాంక చెప్పిన? ఆఁ, రంపం. ఇగ లాభం లేదని ఆ చెట్టుతోనే మాట్లాడిన. నీ కొమ్మ పోచయ్య చేతిలకు పోతదే అన్న, అంతే, అదే ఇరిగి నా భుజం మీద పడ్డది. దాన్ని చెక్కి, గాజుపెంకుతోని గీకి, ఆముదం రాసిన. ఎంత నున్నగైందంటే, ఒక ఈగ వచ్చి వాలి, జారిపడి, నడుం ఇరగ్గొట్టుకున్నది. గొడ్డలి కన్నుల, అదే ఆ బెజ్జంల, కామ దూర్చి బండ మీద ఒక్కటే కొట్టు కొట్టిన. ఆ సప్పుడు మూసాపేట మెట్రో స్టేషన్ల ఇనవడ్డది! ప్లాట్‌ఫాం మీదున్నోళ్లు ఉరుమనుకొని అందరు గొడుగులు తెరిచిన్రు."

"స్టేషన్‌కి పైకప్పు ఉంటుంది కదా అంకుల్?"

"గంత సప్పుడు బిడ్డా! నెత్తి మీద కప్పున్నదన్న సోయి కూడ లేదు వాళ్లకు."

తేజ పగలబడి నవ్వాడు. పోచయ్య నవ్వలేదు. గేటులోకి ఒక అంబులెన్సు పోయింది. అది వేరే ఎవరిదో అని తెలిసినా, తలుపు తీసి స్ట్రెచర్ దింపేదాకా అటే చూశాడు. తర్వాత గొంతు ఇంకా పెంచాడు. ఆపితే లోపల ఏం జరుగుతుందో తలపుకొస్తుందని ఆయన భయం.

"ఇగ ఇయ్యాల పొద్దుగాల తొలి దెబ్బ ఏసిన. మొద్దు రెండు చెక్కలైంది, మొద్దు కింది బండ రెండు చెక్కలైంది, బండ కింది భూమి పలిగి నీళ్లు ఎగజిమ్మినయ్, బోరు బండోళ్లు చూసి ఏడ్సుకుంట ఇంటికి పోయిన్రు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పగులు అట్లనే పాక్కుంట పోయి నలభై అంతస్తుల టవరు కిందికి దూరింది. టవరు ఒరిగింది! పైన ఆఫీసు పిల్లల కంప్యూటర్లన్నీ ఒక పక్కకు జారినయ్, పిల్లలు కిటికీలకెంచి కాకా, కాకా అని ఒర్రుతున్నరు. నేనేం జేసిన? గొడ్డలి తిరగేసి, కామను టవరు కింద పెట్టి, ఒక్కటే లేపు లేపిన. సీదా నిలబడ్డది! కామ ఇరిగిందా? ఇరగలే. వంగిందా? వంగలే. గొడ్డలి ఊడిందా?"

అక్కడ భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "ఊడలే! పోచయ్య ఏసిన కామ నుంచి గొడ్డలి ఊడనే ఊడదు!"

సీతారామయ్య పేపరు మడిచి పక్కన పెట్టాడు. "బాగుందండి. మా నాన్నగారు భీమవరం దగ్గర వడ్రంగి. చిన్నప్పుడు చూసేవాణ్ణి, అందుకని అడుగుతున్నా. చీల ఏ కర్రతో కొట్టారండి?"

"చీల అంటే?" అన్నాడు తేజ.

"కామ ఎంత గట్టిదైనా కన్నులో దూర్చాక దాని కొసను కాస్త చీల్చి, అందులో చిన్న చెక్కముక్క బిగించాలి బాబూ. అప్పుడే కర్ర కన్నులో పట్టేస్తుంది. లేదంటే నాలుగు దెబ్బలకే గొడ్డలి ఊడి ఎగిరిపోతుంది. ఈయన అన్నీ చెప్పారు, అదొక్కటే చెప్పలేదు."

ఎగతాళికి అడగలేదాయన. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. పోచయ్య గ్లాసును బండి మీద పెట్టాడు. నోరు తెరిచాడు. చందన చెక్కనో ఏనుగు దంతమో ఏదో ఒకటి అనొచ్చు, అలవాటైన నోరే.

"కొట్టలే సార్" అన్నాడు.

తేజ రెండో చెవిలోని ఇయర్‌ఫోన్ కూడా తీశాడు.

"మధ్యాహ్నం పెళ్లి వంట ఉండె. జల్ది కావాలన్నరు. పొద్దుగాల మా ఆమె అడిగింది, చీల కొట్టినవా అని. పోచయ్య ఏసిన కామకు చీల ఎందుకే అన్న. ఆమె ఎదురుంగ కూసొని కట్టెపేళ్లు ఏరుతున్నది. మూడో దెబ్బకే గొడ్డలి ఊడింది. పోయి ఆమె కాలుకే..." చేత్తో తన మోకాలి కింద చూపించాడు. తర్వాత ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తువ్వాల పట్టుకున్నాడు.

రజిత స్టవ్ మంట తగ్గించింది. తేజ ముఖంలో నవ్వు పోయింది. సీతారామయ్య లేచి వచ్చి, "లోపలికి వెళ్లండి. ఈ మాట చెప్పాల్సింది మాకు కాదు" అన్నాడు మెల్లగా.

"రోహిణి తోలింది సార్..."

అంతలో రోహిణే గేటు దగ్గరికి వచ్చింది. మనిషి వాడిపోయి ఉంది గానీ ముఖంలో కంగారు లేదు. "ఎముక మంచిగనే ఉన్నది నాయినా. పదకొండు కుట్లు పడ్డయ్. అమ్మ నిన్ను రమ్మంటున్నది."

పోచయ్య మళ్లీ చాయ్ గ్లాసు అందుకోబోయాడు. కూతురు చెయ్యి పట్టుకుని నడిపించుకుని పోయింది.

భూలక్ష్మి మంచం మీద కాలు చాపి పడుకుని ఉంది. కట్టు మోకాలి నుంచి మడమ దాకా ఉంది. పోచయ్య మంచం పక్కన నిలబడి, నేల చూస్తూ చెప్పాడు. "నేను చీల కొట్టలే లచ్చిమీ. కొట్టాల్సి ఉండె. నాదే తప్పు."

"ఎర్కే."

"ఎర్కైతే ఎదురుంగ ఎందుకు కూసున్నవే?"

"అక్కర్లేదని గంత గట్టిగ చెప్తివి. నమ్మిన."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. కాసేపటికి భూలక్ష్మి పళ్లు బిగించి కళ్లు మూసుకుంది. సూది మత్తు దిగిపోతున్నట్టుంది.

"సలుపుతున్నదయ్యా" అంది. "ఏందన్న చెప్పు. నువ్వు చెప్తుంటే జర మర్సిపోత."

పోచయ్యకు ఒక్క ముక్క కూడా నోటికి రాలేదు. కట్టు లేని కాలి పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు.