అయ్యగారి ఇసుక గడియారం

అధ్యక్షులు రమేష్ బాబు మాస్టారికీ, కొత్తగా వచ్చిన శాలేమురాజు అయ్యగారికీ, తెనాలి నుంచి పనిగట్టుకుని వచ్చిన గాజుకొట్టు వజీర్ భాయికీ, నా మాట వినని మా ఆవిడ మంగాయమ్మతో సహా రేపల్లె చర్చి సంఘంలో పెద్దలకీ పిన్నలకీ ఆదాము తాత వందనాలు. మీరంతా రిటైరైన మన పాస్టరు కృపారావు అయ్యగార్ని సాగనంపడానికి వచ్చారు. నేను ఆపడానికి వచ్చాను. ఎల్లుండి సామానేసుకుని బాపట్ల వెళ్లిపోతారంట. నాకిష్టం లేదు.

ఆయన ప్రసంగాల మీద మోజుతో కాదు లెండి. (నవ్వులు) మొదలెడితే ఆపరు, అవతల ఇళ్లల్లో కూరలు మాడిపోతున్నాయని ఆయన నిలబడి చెప్పే పల్పిట్ బల్ల మీద ఇసుక గడియారం పెట్టాం, గుర్తుందా? పై బుడ్డిలో ఇసుక కిందికి జారేసరికి అరగంట, ఇక ఆమెన్ అనెయ్యాలి. అయ్యగారు ఒప్పుకున్నారు. బుడ్లు వజీర్ భాయి అతికించాడు, ఇసుక మన మాస్టారు బాపట్ల సముద్రం ఒడ్డు నుంచి తెచ్చారు. కడిగి ఆరబెట్టి పొయ్యండి సార్ అని వజీర్ చెబితే, రోజూ సముద్రం కడిగిందేగా అన్నారీయన. (నవ్వులు) వేసవంతా బాగానే జారింది. వానలు పడ్డాక ఆ ఉప్పు ఇసుక చెమ్మ పీల్చుకుని బుడ్డి మెడకాడ గడ్డకట్టింది. అయ్యగారేమో మాట తప్పని మనిషి. ఇసుక అయ్యేదాకా చెప్పాలి కదాని నోవహు దగ్గర మొదలెట్టి, యోనాతో చేప కడుపులోకెళ్లి, బయటికొచ్చి, మళ్లీ లోపలికెళ్లారు. (నవ్వులు) అప్పుడు మా ఆవిడ లేచి, తిన్నగా పల్పిట్ కాడికెళ్లి, బుడ్డి మీద వేలితో ఠంగుమని కొట్టింది. ఇసుక జారింది. ఆ వానాకాలమంతా అదే ఆవిడ ఉద్యోగం.

పోయినేడు ఆవిడకి తెనాలి ఆస్పత్రిలో గుండె ఆపరేషను. బయట బల్ల మీద నేనొక్కణ్నే. అయ్యగారొచ్చి పక్కన కూర్చున్నారు. వాక్యం మొదలెడతారేమోనని హడలిపోయా. ఒక్క ముక్క మాట్లాడలేదండి. పొద్దున్నుంచి సాయంత్రందాకా నా చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చున్నారు. మాటకారోడు నోరు మూసుకుని కూర్చోటం ఎంత కష్టమో నాకు తెలుసు, నాదీ అదే బాపతు. అందుకే వెళ్లనివ్వను.

పాత అయ్యగారు ఊళ్లోనే ఉంటే జనం ఆయన దగ్గరికే పోతారు, కొత్తాయనకి చిన్నతనం, రిటైరయ్యాక ఊరు వదలటం పద్ధతి అంటారు అయ్యగారి భార్య స్టెల్లా అమ్మగారు. శాలేమురాజు అయ్యగారూ, మీరు అరగంటలో ముగించండి చాలు, ఒక్కడు కూడా ఈయన గుమ్మం తొక్కడు. మీకేమన్నా అభ్యంతరమా? (శాలేమురాజు నవ్వి తల అడ్డంగా ఊపారు) చూశారా అమ్మగారూ. ఏంటీ, లారీ మాట్లాడేశారా? రానీండి. మా పక్క వాటా నిన్ననే కడిగించి, కిటికీలకి తెరలు కూడా కట్టేసింది మంగాయమ్మ. బాపట్లదాకా ఎందుకు, రెండు వీధులవతల ఆగుద్ది లారీ. (స్టెల్లా అమ్మగారు కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ తలూపారు) యూత్ వాళ్లు ఎల్లుండి పొద్దున్నే సామాను దించడానికి రండర్రా, టిఫిన్ మా ఇంట్లోనే.

ఓపిగ్గా విన్నారు, అందరికీ వందనాలు. సెలవు నాకే. అయ్యగారికి లేదు.