వెదురు పొద కింద పొన్నంకి పిట్ట

ఏప్రిల్ మొదటి వారం, పొద్దున ఆరు దాటింది. తిరుపతి అంచున ఉన్న నగరవనంలో, వెదురు పొద పక్క సిమెంటు బల్ల మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు: రిటైరైన టీచరు పంకజాక్షి, జాకెట్లు కుట్టే ఆయిషా బీ.

“ఆ పిట్ట కనబడక మూడు దినాలాయ, ఆయిషా. ఇంకేమొస్తాది. ఎండలు ముదిరినాయి, ఉత్తరానికి ఎగిరిపోయుంటాది.”

“సోమవారం గూడా ఈడే ఎండుటాకులు గీరతా ఉండె అక్కా. ఇంకో వారం ఉంటాదనుకుంటి.”

“నువ్వనుకుంటే ఉంటాదా? పిట్టల పుస్తకంలో ఏముండాదో సూడాల.”

“నాకు పుస్తకం యాడిది? నువ్వు సెప్పిందే కదా.”

“నాలుగేండ్లు ఈ బైనాక్యులర్ మెడకేసుకోని తిరిగితి. ఒక్క పొన్నంకి పిట్ట కండ్లబడలే. నువ్వొచ్చి పది దినాలు గాలే...”

“దాని ఈల ఇనబడె. తిరిగి సూస్తి. అంతే కదక్కా.”

“అంతే. అంతేనంట. వాచర్ ఎల్లప్ప నీకు కుర్సీ ఏసె. కాలేజీ పిల్లోల్లు నీతో ఫొటో దిగిరి. నన్ను పక్కకు జరగమనిరి.”

“నిన్ను గూడా రమ్మంటి కదక్కా.”

“పిలిపించుకోని రావాల్నా నేను? నిన్ను ఈడికి తోడుకోనొచ్చిందెవరు?”

“నువ్వే.”

“మోకాళ్లకు నడక మంచిదని...”

“నువ్వేనక్కా. నిన్న ఎల్లప్ప పిట్టల రిజిస్టర్ తెస్తే, పొన్నంకి పిట్ట కాడ నీ పేరు సెప్పి రాయించినా.”

“నా పేరా?”

“నీదే.”

“కొట్టేయమను.”

“ఎందుకు?”

“కొట్టేయమంటి గదా. మంగళవారం నీకంటే ముందే వచ్చినా నేను. ఈ పొద కిందనే ఉండె. పచ్చ వీపు, కడుపు కింద ఎరుపు. ఎంత బాగుండెనో. సూస్తా సూస్తా ఉంటే, నువ్వొస్తే మళ్లా అందరూ నీ సుట్టే చేరతారనిపించె. రాయి తీసుకోని...”

“తగల్లేదులే అక్కా.”

“నీకెట్ల తెలుసు?”

“ఎగిరిన సప్పుడు ఇనబడె. గేటు కాడ్నించి నీ ఎనక దూరంగా వస్తా ఉంటి.”

“సూసినావా?”

“అంత దూరం నాకు పిట్ట కనబళ్లే. నువ్వే కనబడితివి. అది పోయినంక గూడా ఆడ్నే నిలబడుకోని ఏడస్తా ఉంటివి. పిలిస్తే సిగ్గుపడతావని ఎనక్కి పోతి.”

“మరి నా పేరెందుకు రాయించినావు?”

“ఎల్లప్ప అడిగింది మొదట ఎవరు సూసిరని కాదక్కా. ఆఖరున ఎవరు సూసిరని.”