నిండు బుగ్గలు

నానక్‌రామ్‌గూడలో కొత్తగా లేచిన టవరు. కింది అంతస్తులోని బ్యూటీ పార్లర్లో కూర్చున్న యాభై ఏళ్ల మనిషి, మేకప్ వేస్తున్న అమ్మాయితో చెబుతున్నాడు.

“మా తమ్ముడు జంగయ్య పెద్ద మోసగాడు బిడ్డా. నాకు సదువు రాదని, బ్యాంకు లోను కాయితమని చెప్పి, భూమి అమ్మే కాయితం మీద దస్కత్ పెట్టించిండు.”

“మాట్లాడకండి అంకుల్, చెంప కదులుతోంది.”

“ఇయ్యాల వాని కొడుకు పెండ్లి. బక్కగయిన్నని వాడు నా మీద జాలి పడొద్దు. గందుకే నీ కాడికొచ్చిన. గిదేంది, బుగ్గలు ఇంకా లోపటికి పోయినయ్?”

“అయ్యో! అలవాటు కొద్దీ ముదురు రంగు పెట్టేశానండి. ఇక్కడికొచ్చే ఆఫీసు అమ్మాయిలందరూ బుగ్గలు సన్నగా కనబడాలంటారు.”

“కడుపు నిండినోళ్ల షోకులు.”

“మీకు పీక్కుపోయిన చోట లేత రంగు వేసి, గీత తెలియకుండా మెల్లగా అద్దుతాను. ఆఁ, ఇప్పుడు చూడండి, ఎంత నిండుగా ఉన్నారో!”

అద్దం చూసి ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

“నచ్చలేదా అంకుల్?”

“అచ్చం జంగయ్య మొఖమే. తుడిచెయ్ బిడ్డా.”

“మరి పెళ్లికి?”

“నా మొఖంతోనే పోత. వాడు చూడాలె. జర మెల్లగ తుడువు. మా ఇంటామె పోయి తొమ్మిదేండ్లాయె, అప్పటికెళ్లి ఈ మొఖం మీద ఎవలి చెయ్యి పడలే.”

“భూమి... ఎంత పోయింది అంకుల్?”

“గీ టవరు కింద ఉన్నదంతా. ఎకరం పద్నాలుగు గుంటలు.”