అమ్మగారింటి ముచ్చట

జహీరాబాద్‌లో ఒక పిల్లల దవాఖాన. పదకొండు నెలల గిరీశ్‌కు ఇది మూడో నిమోనియా. గదిలో డాక్టర్ దీక్షిత, గిరీశ్ తల్లి మమత ఉన్నారు. మమత అత్త బసమ్మ తలుపు బయట బల్ల మీద కూర్చుంది.

"తగ్గుతదా మేడం?"

"ఈసారికి తగ్గుతది. హైదరాబాద్ నుంచి రక్తం రిపోర్టు వచ్చింది మమతా. కూసో."

"నిలవడే ఉంట. చెప్పుర్రి."

"ఒంట్ల టీ కణాలని ఉంటయి. రోగం చొరంగనే గుర్తువడ్తయి. బీ కణాలకు సైగ ఇస్తయి, లేవుర్రి, పెరుగుర్రి, యాంటీబాడీలు తయారు చెయ్యుర్రి అని. మీది చెరుకు పంటనేనా?"

"చెరుకే."

"ఫ్యాక్టరీ కటింగ్ ఆర్డర్ ఇయ్యకుంటె కోస్తరా?"

"ఎట్ల కోస్తం? చేన్లనే ఎండుతది."

"గట్లనే. వీని టీ కణాలకు సైగ ఇయ్యనీకె రాదు. బీ కణాలు ఉన్నయి, ఉత్తగ కూసున్నయి."

"దిష్టి తగిలిందంటది మా అత్త."

"దిష్టి కాదు. తల్లి దిక్కు నుంచి కొడుకులకు వస్తది. మీ అమ్మగారింట్ల మగపిల్లలు చిన్నగున్నప్పుడే పోయిన్రా?"

"లేదు."

"ఒక్కరు గూడ?"

"లేదన్న గద మేడం."

"నీ ఆధార్ల పెంటమ్మ అని ఉన్నది."

"జర మెల్లగ. అత్తకు ఇనవడ్తది."

"మాది గూడ గీ దిక్కే తల్లీ. పుట్టినోళ్లు పుట్టినట్టే పోతుంటె, తర్వాత పిల్లను పెంటకుప్ప మీద దొర్లిచ్చి గా పేరు పెడ్తరు. ఎంతమంది పోయిన్రు?"

"ముగ్గురు."

"మగపిల్లలేనా?"

"మగపిల్లలే. ఎవ్వనికి యాడాది నిండలె. సంబంధం చెడుతదని అమ్మ దాచింది, నా పేరు గూడ మార్చింది. ఇది నా దిక్కుకెల్లి వచ్చిందంటె అత్త నన్ను ఇంట్ల ఉండనీయది మేడం."

"నీ తప్పు కాదు. నెలనెల బయటికెల్లి యాంటీబాడీలు ఎక్కిస్తె నిలవడ్తడు. పెద్ద దవాఖానల ఇంకో వైద్యం గూడ ఉన్నది. మొదటిసారి వచ్చినప్పుడే చెప్పుంటె..."

"అప్పుడు గూడ అడిగిన్రు. లేదన్న. నేనే చేసిన."

"అయింది పో. అక్కచెల్లెండ్లు ఉన్నరా?"

"ఒక్క చెల్లె, శ్వేత. న్యాల్‌కల్‌ల ఇచ్చిన్రు. ఇయ్యాల పొద్దుగాల కొడుకు పుట్టిండు. పేడాలు పంచుతున్నరట."

"ఇప్పుడే ఫోన్ చెయ్యి. ఆ పిల్లగానికి పరీక్ష చెయ్యాలె, ఆలస్యం చెయ్యొద్దు. ఉన్నదున్నట్టు చెప్పు."

"చేస్త... శ్వేతా, నేనే. నీ పక్కకు ఎవరున్నరే? మీ అత్తనా? ...ఏం లేదు. పిల్లగాడు మంచిగున్నడా అని, ఉత్తగనే చేసిన."