చెప్పులిడిసి తొక్కు

ఆ ఫోన్ జర పక్కకు పెట్టు నరేశూ. వీడియో తర్వాత పెడుదువుగని, ముందుగాల నేనడిగినదానికి చెప్పు. నీ బండికి క్లచ్ కొత్తది ఏపిచ్చినంక కాలు పెడితే మెత్తగ దిగవడుతాంది, గేరు పడుతలేదు, అంతేనా? మంచిది. ఎంటెంట నాలుగుసార్లు తొక్కితే గట్టివడుతాందా? ఆఁ, పడుతాందా! తొక్కి అట్లనే పట్టుకుంటే మెల్లగ జారుతాందా, ఆగుతాందా? ఆగుతాంది. కింద నూనె చుక్క ఏమన్న పడ్డదా? లేదుగద. అంటే రబ్బర్లు మంచిగున్నయ్, నూనె నూనె తీర్గనే ఉన్నది. ఇగ ఉన్నది గాలి బిడ్డా. పైపుల గాలి చిక్కింది. నూనెను తొక్కితే ముందటికి తోస్తది, గాలిని తొక్కితే ఉత్తగ నలుగుతది. గంతే ముచ్చట. నీకు క్లచ్ ఏసిన పాలకుర్తి లక్ష్మా మొన్నమొన్ననే షెడ్డు ఏస్కున్నడు. "పని రానోడు, పోకుండ్రి" అని నువ్వు వీడియో పెడితే ఆయన దగ్గరికి ఎవడు వోతడు? నేను గట్లనే ఒగలకు చేసిన. గప్పుడు ఫోన్లు లెవ్వు, నోరే. నోరు సాలు.

ఎవలకా? సాంసన్ అని ఉండె, నువ్వు పుట్టకముందు. తొర్రూరు మార్కెట్ ఎనుక రేకుల షెడ్డు. నేను గప్పుడు పాలకుర్తి దిక్కు జీపు నడుపుతుంటి. లోపల పన్నెండు మంది, ఎనుక ఏలాడేటోళ్లు నలుగురు, మీద గంపలు, గంపలల్ల కోళ్లు... ఒగసారి ఓ కోడి అద్దం మీదికి దుంకితే, సరే, గది ఇంకో ముచ్చట. సాంసన్ మొదట బోర్ల బండి మీద పనిచేసిండు, ఆ మోతకు చెవులు రెండు పోయినయ్. తన గొంతు తనకే ఇనవడది. బండి కింద పండుకొని "తొక్కూ" అని అరిస్తే బస్టాండ్ల ఉన్నోళ్లు ఉల్కిపడేటోళ్లు. పైన కూసుండి పెడలు తొక్కేది ఆయన పెండ్లాం సాలమ్మ. గాలి తీసుడు ఒక్కరితోని కాదు, ఇద్దరుండాలె. పైన ఒగలు తొక్కి పట్టాలె, కిందోడు నట్టు ఇప్పి గాలి పోనిచ్చి మల్ల బిగియ్యాలె, గప్పుడే పైనోళ్లు కాలు లేపాలె. జర ముందుగాల లేపినా పోయిన గాలి తిరిగొచ్చి లోపల కూసుంటది. సాలమ్మే ఒగనాడు అన్నదట, "నీ అరుపులతోని నా తలకాయ వలుగుతాంది, పానా తోని కొట్టరాదూ" అని. ఇగ అప్పట్నుంచి కిందికెల్లి బండి అడుగుకు పానాతోని ఒక్కటి కొడితే తొక్కుడు, రెండు కొడితే ఇడుసుడు. ఇద్దరి నడుమ మాటే లేదు. నేను ఎన్నోసార్లు నిలబడి సూసిన, ఎంత ముద్దుగుండేదో. ఛాయ్ ఇటియ్యి. చక్కెర ఎయ్యలేదుగద? షుగరు మూడు వందలు దాటిందని డాక్టరు తిట్టిండు.

ఆఁ, సాలమ్మ జరమొచ్చి సచ్చిపోయింది. ఆ ఎండాకాలమే నా జీపు క్లచ్ పలక కాలిపోయింది. సాంసన్ కొత్తది ఏసిండు. పైన కూసునేటోళ్లు లేరు, నువ్వే కూసో యాకన్నా అన్నడు. కూసున్న. నా కాళ్ల దిక్కు సూసి "చెప్పులిడువు" అన్నడు. నాకు సర్రుమన్నది! ఎందుకంటవా? మా బాపు దొర గడీ ముందటికెల్లి పోతే చెప్పులు చేతవట్టుకొని నడిసేటోడు. నేను చిన్నప్పుడు ఆయన ఏలు వట్టుకొని నడిసిన, సూసిన. గప్పుడే అనుకున్న, సచ్చేదాంక ఎవ్వని మాట మీద చెప్పులిడువ అని. "నీ ముందట నేను చెప్పులిడుసుడేంది, పని చెయ్యి" అన్న. ఇనవడలేదో, నా మొకం సూసి అర్థమైందో, పానా వట్టుకొని బండి కిందికి వోయిండు. ఆయన తాతలను అసలు చెప్పులే ఏస్కోనియ్యకపోయిరి వాళ్ల ఊళ్లె. ఆ సోయి నాకుంటే గద! టైరు చెప్పుల తోనే తొక్కిన. పక్కన రేకులు సాపు చేసే షెడ్డు, పొద్దంత ఠంగు ఠంగు. సాంసన్ కొట్టిందేదో, పక్కోడు కొట్టిందేదో! రెండు ఇనవడ్డయ్ అని నేను లేపుడు, పెడలు మల్ల మెత్తగ. మూడుసార్లు చేసినం. మూడుసార్లు గంతే.

కోపమొచ్చి మెత్తటి పెడలుతోనే బండి తీస్కపోయిన. జీపుల అడ్డకాడ పది మంది ముందట అన్న, "సాలమ్మ వోయినంక సాంసన్ చెయ్యి వోయింది" అని. నరేశూ, ఆ మాట ఎంత సులువుగ అంటుకున్నదో! వారం తిరగకముందే ఒక్క జీపు ఆయన షెడ్డు ముందట ఆగలే. నేను వరంగల్ వోయి ఇంకొగలకు సూపెడితే, సామాన్లు ఒక్కటి మార్చలే, పావుగంటల పెడలు గట్టివడ్డది. "పని మంచిగనే చేసిండు, తొక్కినోడే కాలు ముందుగాల లేపిండు" అన్నడు. తొక్కినోణ్ణి నేనే అని చెప్పుతనా? పైసలిచ్చి బండెక్కిన. తొర్రూరుకొచ్చి అడ్డకాడ చెప్పాలె, తప్పు నాదని. రేపు చెప్త, ఎల్లుండి చెప్త. ఓనాడు వోయి సూస్తే తాళం. భూపాలపల్లిల బిడ్డ దగ్గరికి వోయిండట, ఆడ గేటుకాడ కావలి ఉన్నడట. గసొంటి పనిమంతుడు గేటుకాడ!

మొన్న మహబూబాబాద్ దవాఖానల ఆయన బిడ్డ ఎస్తేరు కలిసింది. సాంసన్ పొయ్యి పదేండ్లాయెనట. "కాకా, మా బాపు నీ జీపు ముచ్చట చెప్పేటోడు" అని ఛాయ్ తాపిచ్చింది. మెల్లగ అడిగిన, మీ బాపు ఎందుకు బిడ్డా చెప్పులిడువమంటుండె అని. నవ్వింది. "పానా దెబ్బ చెవుకు గాదు కాకా, పాదానికి తెలుస్తది. పక్క షెడ్డు మోతకు చెవు మోసపోతది గని, ఒట్టికాలు మోసపోది. మా అవ్వ గట్లనే తొక్కేది." ఛాయ్ గిలాస కింద పెట్టిన బిడ్డా. చెప్పులిడువుమంటే తక్కువ చేస్తాండనుకున్న. సాలమ్మ కూసున్న జాగల నన్ను కూసోవెట్టుకొని, ఆమె పని నాకు నేర్పుతాండు ఆయన.

నువ్వేం ఏస్కొని తొక్కినవ్ లక్ష్మా దగ్గర? గా బూట్లా? చెవులల్ల పాటలు గిట్ల? మొకం అటు తిప్పుతవేంది! ఆ పానా పట్టు, కిందికి వో, నేను సీట్ల కూసుంట. ఇగో, ఇడిసిన చెప్పులు. సూసినవా, నీ ముందట ఇడిసిన. కాలు పెట్టిన. ఊఁ, కొట్టు. కొట్టినవా? సప్పుడైతే ఇనవడ్డది, కాలుకే తెలుస్తలే... ఇంకోసారి కొట్టు. జర గట్టిగ. ...ఊకో ఇగ, బయటికి రా. డాక్టరు చెప్పనే చెప్పిండు, షుగరుకు పాదాలు మొద్దువడుతయ్ అని. లక్ష్మాకు ఫోన్ చెయ్యి. బండి తెస్తున్నమని చెప్పు, పైన కూసుండి తొక్కేది నువ్వే. నువ్వు బూట్లిడువు.