తాళం వేసిన ఇళ్లు

సభాధ్యక్షులకు, నాకంటే ముందే రిటైరై నా వంతు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన పెద్దలకు, మిత్రులకు, నా పాఠాలు విని కూడా బాగుపడ్డ విద్యార్థులకు నమస్కారం. (నవ్వులు)

కరెంటు ఎవరింట్లో వెలుగుతుంది, దాని పొగ ఎవరింట్లోకి పోతుంది అని ముప్పై ఏళ్లుగా నేను అడుగుతూనే ఉన్నానని, పేదల పక్షాన నిలబడ్డానని ఇందాకటి నుంచి పొగుడుతున్నారు. అడిగిన మాట నిజమే. నిలబడ్డ సంగతే చెప్పాలి.

ఇరవై ఆరేళ్ల కిందట ఈ ఊరి కరెంటు ప్లాంటుకు స్థలం చూడమని నన్ను పంపారు. ఎండ ముదరకముందే ముగిద్దామని పొద్దున పదింటికి కాలువ అవతలి పేటలో ఇల్లిల్లూ తిరిగి, తాళం కనిపించిన ప్రతి గుమ్మానికీ 'నివాసం లేదు' అని రాసుకున్నాం. మొత్తం మూడు వందల పన్నెండు తాళాలు. ఆ వేళప్పుడు వాళ్లంతా పనుల్లో ఉంటారని నాకు తట్టలేదు. పేట దాదాపు ఖాళీ అని నివేదిక ఇచ్చాను. చిమ్నీ లేచింది.

మా శాఖ ఊడ్చే అక్క మీకందరికీ తెలుసు. (తలుపు దగ్గర నిలబడ్డావెందుకక్కా, కూర్చో.) ఒకరోజు ఆమె దగ్గు ఆగకపోతే ఇల్లెక్కడని అడిగాను. "ప్లాంటు గోడ పక్కనే సార్, మొదట్నుంచీ అక్కడే" అంది. అప్పుడే తప్పు దిద్దుకోవాల్సింది. ఆ ఏడు నాకు ప్రొఫెసర్ పదవి రావాలి. నోరు మూసుకున్నాను. పైగా ఎక్కడెక్కడి ఊళ్ల పొగ మీదో పుస్తకాలు రాశాను. గురివింద గింజ తన నలుపెరగదంటారు. నాకు తెలుసు, తెలిసే దాచాను.

పోయిన నెల ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. "మీ తప్పేముంది సార్, మీరొచ్చినప్పుడు ఇంట్లో లేకపోవడం మాదే తప్పు" అంది. నాలుగు తిట్టినా నాకు నిద్రపట్టేది.

రెండో చిమ్నీకి అనుమతి విచారణ సోమవారం ఉంది. దానికి మొదటి ఆధారం నా నివేదికే. అది తప్పుల తడకని సంతకం పెట్టి పంపాను, అక్కడికెళ్లి నోటితో కూడా చెబుతాను. ఇన్నాళ్లూ ఏం చేశావని అడుగుతారు. భయపడ్డానని చెబుతాను, అంతకంటే గౌరవమైన కారణం నా దగ్గర లేదు.

అధ్యక్షా, ఆ సన్మాన పత్రంలో 'న్యాయం' అనే మాట మూడుచోట్ల ఉంది. దయచేసి ఇవాళ నాకివ్వకండి. సోమవారం నా మాటలు విని, అప్పటికీ మీకు ఇవ్వబుద్ధయితే, ఆ పేటలో అడిగి ఇవ్వండి.

ఓపిగ్గా విన్నారు, ధన్యవాదాలు. తల దించుకునే సెలవు తీసుకుంటున్నాను.