నైరుతి మూల

సముద్ర వాతావరణ కేంద్రంలో రేడియో గది. పొద్దుటి బులెటిన్‌కి ముందు. కేంద్రం పెద్దాఫీసరు, ఆయన కింద పనిచేస్తున్న సొంత మరదలు.

"సంతకం పెట్టండి సార్."

"పెడతా, పెడతా. తొందరేముంది?"

"తొందరేముందా? ఇంకాసేపట్లో మీరు మైకులో చదవాలి. సముద్రం మీదున్న ఓడలన్నీ చెవులు రిక్కించుకుని కూర్చున్నాయి."

"కూర్చోనీ. అసలు ఇదేం బులెటిన్ అమ్మాయ్? ఉత్తరం, ప్రశాంతం. ఈశాన్యం, ప్రశాంతం. తూర్పు, ప్రశాంతం. ఆగ్నేయం, ప్రశాంతం. ఇది సముద్రమా, మీ అత్తగారి పెరట్లో నీళ్లతొట్టా?"

"సముద్రమే సార్. ఇవాళ అలా ఉంది."

"అలా ఉండదు! నా సర్వీసులో ఒక్కరోజు కూడా అలా లేదు. ఎండలు మండే ఇంత పెద్ద సముద్రం, ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక్క అల్పపీడనం లేదా? పోనీ ఓ ద్రోణి?"

"లేదు."

"చిన్న ద్రోణి?"

"లేదు సార్."

"పిల్ల ద్రోణి?"

"కడుపులో ఉన్న ద్రోణి కూడా లేదు."

"మేఘాల ఫోటో ఇటు ఇవ్వు. నువ్వు సరిగ్గా చూసుండవు... ఇదేంటి మరి? ఇదేంటి? చూడు, గుండ్రంగా! నేను చెప్పలేదూ? వాయుగుండం!"

"అది మీ టీ గ్లాసు మరక సార్. ఇందాక మీరే పెట్టారు దానిమీద."

"...తుడువు."

"తుడిచా. కింద సముద్రం ప్రశాంతంగానే ఉంది. బావా, మీరు కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నారు."

"ఆఫీసులో బావా అనొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"సరే. సార్, మీరు కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నారు."

"ఓడలేమంటున్నాయో కనుక్కున్నావా? ఫోటోలదేముంది, పైనుంచి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. కింద ఉన్నవాడిని అడగాలి."

"మధ్య సముద్రంలో సరుకు ఓడ కెప్టెన్ లైన్లోనే ఉన్నాడు. మీరే అడగండి."

"ఇటివ్వు. హలో, కెప్టెన్ గారూ! అలలెలా ఉన్నాయి?"

"ఏ అలలు సార్?"

"మీ కింద ఉంటాయే, అవి."

"లేవు సార్. అద్దమే. మా వంటవాడు పొద్దున్నే డెక్కు మీంచి కిందికి వంగి గడ్డం గీసుకున్నాడు."

"గాలి?"

"వాడి చుట్ట పొగ ఇంకా వాడి నెత్తి మీదే ఉంది."

"ఓడ కాస్తయినా ఊగడం లేదూ? కాస్త... నిలబడి చూడండి. ఒంటికాలి మీద నిలబడి చూడండి."

"నిలబడ్డా సార్. ఊగడం లేదు. ఇక్కడ మావాళ్లు పేకమేడ కడుతున్నారు. నాలుగో అంతస్తు లేస్తోంది."

"డ్యూటీలో పేకముక్కలా! మీమీద పైకి రిపోర్టు రాస్తా!"

"ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు నామీదేంటి సార్? సముద్రం నిద్రపోతుంటే సంతోషించాల్సింది పోయి—"

"ఉంటాను. ఉంటాను. ఈ కెప్టెన్లు కూడా ఒట్టి సోమరులైపోయారు అమ్మాయ్. ఆఁ! నైరుతి! నైరుతి మూల ఏదీ? దానికి కూడా ప్రశాంతమే రాశావా? నైరుతికి మనం రోజూ ఏం రాస్తాం?"

"'ఓ మోస్తరు అలలు' అని రాస్తాం."

"ఎందుకు రాస్తాం?"

"అటువైపు ఓడలు పోవు, మన పరికరాలు లేవు. తెలియనిచోట జాగ్రత్తే చెప్పాలని నియమం. మీరే నేర్పారు."

"కదా! మరి నియమం ఎందుకు తప్పావు? దిద్దు. ఓ మోస్తరు అలలు. దిద్దితే ఇప్పుడే సంతకం పెట్టేస్తా. పెన్ను కూడా తీశా, చూడు."

"ఇప్పుడు తెలుసు కదా సార్. నిన్న అక్కడ బోయా వేశారు."

"ఏం వేశారు?"

"బోయా. నీళ్లమీద తేలుతూ అల ఎంత ఎత్తు లేస్తోందో కొలిచి మనకి పంపిస్తుందే, అది."

"అది నాకు తెలుసు! నైరుతి మూల ఎవడు వెయ్యమన్నాడు?"

"నేనే. పైవాళ్లని ఏళ్లతరబడి బతిమాలుతున్నా. ఇప్పటికి దయ తలిచారు. ఇంత సముద్రంలో ఒక్క మూల కళ్లకి గంతలు కట్టుకుని ఉంటే నాకు మనసొప్పలేదు."

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు. సొంత మరదలివై ఉండి! సరే, ఏమంటోంది ఆ బోయా?"

"సున్నా."

"చెడిపోయింది."

"కొత్తది సార్."

"కొత్తవే చెడిపోతాయి. మీ బాబాయి స్కూటరు చూడలేదూ? లేకపోతే ఏ పక్షో దానిమీద వాలి కూర్చునుంటుంది."

"పక్షి కూర్చుంటే సముద్రం ఆగిపోతుందా బావా?"

"పెద్ద పక్షయితే?"

"ఫోను మోగుతోంది. అక్క."

"నేను లేనని చెప్పు."

"హలో, అక్కా! బావ లేరని చెప్పమంటున్నారు."

"ఓసి నీ—"

"స్పీకర్లో పెట్టవే. ఏమండీ?"

"ఆఁ, ఇప్పుడే వచ్చా. చెప్పు."

"ఏం లేదు. పొద్దున కిటికీ తీస్తే పరదా కదల్లేదు. ఎప్పుడూ ఎగిరెగిరి పడుతుంది కదా. ఇవాళ బులెటిన్లో పెద్ద విశేషమేమైనా ఉందా?"

"మనింట్లో పరదా కదలకపోతే సముద్రమంతా ఆగిపోతుందా? నీకు ఈ విషయాలు అర్థం కావు."

"నాకేం అర్థమవుతాయి. రేడియో పక్కనే కూర్చున్నా, మీరు చదివితే వింటా. దీవులకి పోయే ఓడ మధ్యాహ్నం బయల్దేరుతుందట. ఊరికే చెప్తున్నా."

"ఊరికేనా?"

"ఊరికే. ప్రయాణం సంచీ ఎక్కడ పెట్టారు?"

"అటక మీద... ఎందుకు?"

"ఊరికే. దించేశాను లెండి. ఉంటా."

"పెట్టేసిందా?"

"పెట్టేసింది. పాట పాడుతూ పెట్టేసింది బావా. ఆ ఓడ సంగతి, మీరు చుట్టాలందరి ముందూ చెప్పే కథ సంగతే కదా? ఏదీ, ఇంకోసారి చెప్పండి."

"కథేముంది. జరిగిందే. పెళ్లయిన కొత్తలో దీవులు చూపిద్దామని తీసుకెళ్లా. చక్కగా ముస్తాబై వచ్చింది. ఓడ మెట్ల దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. వణుకు! గజగజ! 'నాకు భయమేస్తోందండీ, వెనక్కి పోదాం' అంది. ఏం చేస్తాను? పాపం అనిపించి వెనక్కి తీసుకొచ్చా."

"తర్వాత?"

"తర్వాతేముంది, ఎప్పుడు ఓడ మాటెత్తినా ఒకటే పాట. 'సముద్రం మొత్తం, ఏ మూలా అలజడి లేకుండా ప్రశాంతమని మీ నోటితో రేడియోలో చదవండి. ఆ రోజే ఎక్కుతా. చదివాక ఒక్కపూట ఆగమన్నా ఆగను.' ఓస్ అంతేనా అన్నా."

"అని, 'సముద్రం ఆఫీసరు పెళ్లానికి సముద్రమంటే దడ' అని ప్రతి విందులోనూ ఆటపట్టించారు."

"సరదాకే! నవ్వేది కదా తను కూడా."

"నవ్వేది. అందరికంటే గట్టిగా అదే నవ్వేది. కానీ బావా, నాకు మొదట్నుంచీ ఒకటి కొరుకుడు పడదు. మా నాన్న సరంగు. పడవ నడిపి మమ్మల్ని పెంచాడు. అక్క నడక నేర్చింది పడవ చెక్కల మీద. ఈదురుగాలిలో నాన్న చుక్కాని పడితే అది తాడు లాగేది, పాటలు పాడుతూ. దానికి సముద్రమంటే భయమా?"

"పెళ్లయ్యాక కొన్ని వస్తాయి."

"సముద్రమంటే భయం వస్తుందా?"

"బీపీ వస్తుంది, షుగరు వస్తుంది, భయమెందుకు రాకూడదు?"

"మరి సంబరపడాలిగా! ఇన్నేళ్లకి పందెం గెలవబోతున్నారు. దీవులు చూడబోతున్నారు. ఆ చెమటలేంటి?"

"ఉక్క. గాలెక్కడుంది?"

"అదిగో! గాలి లేదని మీరే ఒప్పుకున్నారు!"

"నేను గదిలో గాలి గురించి చెప్తున్నా!"

"బావా, మీరెప్పుడైనా ఓడెక్కారా?"

"ఏంటా ప్రశ్న? నేను సముద్ర వాతావరణ అధికారిని!"

"ఎక్కారా?"

"ఏ గాలి ఎప్పుడు లేస్తుందో, ఏ అల ఎక్కడ విరుగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తా!"

"ఎక్కారా అని."

"డాక్టరుకి అన్ని జబ్బులూ వచ్చి ఉండాలా?"

"నీళ్లు నములుతున్నారు."

"నీళ్ల మాటెత్తకు. అసలే..."

"అసలే?"

"ఏం లేదు."

"అసలే ఏంటి బావా?"

"...తలుపెయ్యి."

"వేశా."

"గడియ పెట్టు."

"పెట్టా."

"నాకు భయం."

"ఆఁ?"

"భయం! నాకు! వినబడిందా? నీళ్లంటేనే భయం. ఈత రాదు. రేవు పక్కనుంచి పోవాల్సొస్తే చుట్టూ తిరిగి పోతా. ఈ సముద్రాన్ని ఫోటోల్లో ఎంత ప్రేమగా చూసుకుంటానో, ఎదురుగా అంత... నవ్వకు."

"నవ్వట్లేదు."

"భుజాలు ఊగుతున్నాయి."

"ఇంత సముద్రంలో ఇవాళ ఊగుతున్నవి నా భుజాలే బావా! కావాలంటే బులెటిన్లో రాసుకోండి, 'రేడియో గదిలో ఓ మోస్తరు అలలు' అని! అబ్బా, నా వల్ల కాదు. ఇన్నాళ్లూ ఎంత మేకపోతు గాంభీర్యం!"

"అయిందా నవ్వడం?"

"ఇంకొంచెం ఉంది... ఆఁ. అయింది."

"అయితే విను తల్లీ. నైరుతిలో ఒక్క మాట. 'ఓ మోస్తరు.' ఒక్క పూట. మీ అక్క సంచీ మళ్లీ అటకెక్కుతుంది, నేను బతికిపోతా. అటు ఓడలు పోవు కదా, ఎవరికి నష్టం?"

"ఎందుకు పోవు బావా? మనం రోజూ ఆ మాట చదువుతాం కాబట్టే పోవు. ఆ మూలని తప్పించుకుని చుట్టూ తిరిగి పోతున్నారు. ఇవాళ నిజం చదివితే అడ్డదారిన వచ్చి ఇల్లు త్వరగా చేరేవాళ్లున్నారు. కళ్లతో సున్నా చూసి అల ఉందని ఎలా చదువుతారు? రేపు నిజంగా తుపానొస్తే మన మాట ఎవరు నమ్ముతారు?"

"తెలుసు."

"'ఉన్నది ఉన్నట్టు చదవడమే మన ఉద్యోగం.' చేరిన రోజు మీరు నాకు చెప్పిన మొదటి మాట."

"ఎవడు చెప్పమన్నాడు నన్ను!"

"అక్కకి చెప్పెయ్యండి పోనీ."

"ఏ మొహంతో? ఇన్నేళ్లు పిరికిదానివని ఏడిపించి, ఇప్పుడు ఆ పిరికివాణ్ని నేనే అని చెప్పనా?"

"కాళ్లు తడవకుండా సముద్రం దాటొచ్చు గానీ—"

"కళ్లు తడవకుండా సంసారం దాటలేం. తెలుసు. నేను రెండూ తడవకుండా లాగించేద్దామనుకున్నా."

"బావా, వేళయింది. మైకు దీపం వెలుగుతుంది ఇప్పుడు. చెప్పండి, దిద్దమంటారా?"

"ఆ ఫోటో ఇంకోసారి ఇటివ్వు."

"బావా."

"పెన్నేదీ? ఇదిగో సంతకం. నీ బోయా మునిగిపోనూ."

"వెలిగింది. చదవండి సార్."

"ఇది సముద్ర వాతావరణ కేంద్రం. నేటి సముద్ర స్థితి. ఉత్తర భాగం, ప్రశాంతం. ఈశాన్యం, ప్రశాంతం. తూర్పు, ప్రశాంతం. ఆగ్నేయం, దక్షిణం, ప్రశాంతం. పడమర, వాయవ్యం, మధ్య సముద్రం, ప్రశాంతం. నైరుతి..."

"సార్."

"నైరుతి భాగం..."

"బావా!"

"నైరుతి భాగం, ప్రశాంతం. సముద్రం మొత్తం మీద ఎక్కడా ఎలాంటి హెచ్చరికలూ లేవు. మత్స్యకారులు నిరభ్యంతరంగా వేటకు వెళ్లవచ్చు. ఓడలెక్కదలచినవారు... ఎక్కవచ్చు."

"అది బులెటిన్లో లేదు సార్."

"నోర్ముయ్! ...క్షమించాలి, ఆ మాట ఓడలకు కాదు. ఇంతటితో నేటి సముద్ర స్థితి సమాప్తం."

"కేంద్రానికి సరుకు ఓడ నుంచి. విన్నాం సార్! అయిదో అంతస్తు లేచింది!"

"సంతోషం కెప్టెన్ గారూ. కాపురముండండి అందులో. అమ్మాయ్, కట్టెయ్ ఇది. నీళ్లివ్వు... వద్దు, నీళ్లు కూడా వద్దు."

"అక్క ఫోను. స్పీకర్లో పెట్టా."

"ఏమండీ, విన్నా."

"విన్నావా."

"భలే చదివారు. నైరుతి మాత్రం మూడుసార్లు చదివారు."

"కాగితం మీద దుమ్ము."

"సంచీ సర్దేశా. నేను నేరుగా రేవుకి వచ్చేస్తున్నా, మీరు అటునుంచి వచ్చెయ్యండి."

"చూడూ... నువ్వేదో మాట వరసకి అన్నావు. దానికి కట్టుబడాలనేం లేదు. పాపం, ఆ రోజు నీ చెయ్యి ఎలా వణికిందో నాకింకా గుర్తే. మెట్ల దాకా వచ్చాక నీకు మళ్లీ భయమేస్తే మొహమాటపడకు. ఒక్క మాట చెప్పు, వెంటనే వెనక్కి వచ్చేద్దాం. ఈసారి ఆటపట్టించను కూడా. ఎవరికీ చెప్పను."

"నిజంగా? ఎవరికీ చెప్పరా?"

"నీమీద ఒట్టు."

"నేనూ అంతేనండీ. ఇన్నేళ్లలో ఒక్కరికి కూడా చెప్పలేదు."

"ఏమని?"

"ఆ రోజు మెట్ల దగ్గర వణికిన చెయ్యి నాది కాదని. త్వరగా రండి, ఇవాళ కూడా నేనే పట్టుకుంటా."